చివరి వారం దాకా

మా ఆయన చేతుల మీదుగా పోయిన ప్రాణాలకు లెక్కలేదు. విషం పెట్టి, పీక నొక్కి, రైల్లోంచి తోసి, ఒకసారైతే పెళ్లిపందిట్లో పూలదండలో పామును పెట్టి మరీ చంపారు. ఇంట్లో మాత్రం బొద్దింక కనిపిస్తే నన్ను కేకేస్తారు. నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటు రామబ్రహ్మం అంటే పక్క సెక్షన్‌లో వాళ్లకు కూడా తెలీదు గానీ, డిటెక్టివ్ శరభను పుట్టించిన రామబ్రహ్మం అంటే ఒకప్పుడు బస్సులో జనం లేచి సీటు ఇచ్చేవారు. ఇంటింటికీ టీవీ వచ్చాక ఆ మర్యాద కొంచెం తగ్గింది. ఆ దిగులు ఆయనకు లోపల ఉండేది.

ఆయనకు ఒక వ్రతం ఉంది. హంతకుడెవరో చివరి వారం దాకా ఎవరికీ చెప్పరు. ఎడిటరుకు చెప్పరు, కట్టుకున్న పెళ్లాన్ని, నాకూ చెప్పరు. రాసిన భాగం ఆదివారం పొద్దున నాకు చదివి వినిపించి, "ఎవరి మీద అనుమానం?" అంటారు. నేను ఎవరి పేరు చెబితే వాడు ఏ పాపం ఎరగనివాడన్న మాట. నేను బోల్తా పడిన ప్రతిసారీ ఆయన మొహం చేటంత అయ్యేది. "ఒక అమాయకుడి మీదికి అందరి చూపూ తిప్పి, చిట్టచివర వీడు కాదు అనాలి భ్రమరా. మా విద్య అంతా అదే" అనేవారు. నేను కూడా నవ్వేదాన్ని. అందులో తప్పేముంది, కథే కదా అనుకునేదాన్ని.

తొంభై ఎనిమిది వేసవిలో మేము మాదాపూర్‌లో నర్సింహ గారింట్లో మేడమీద అద్దెకుండేవాళ్లం. సైబర్ టవర్స్ ఇంకా పూర్తి కాలేదు. చుట్టూ ఎక్కడ చూసినా బండలు పేలుస్తున్నారు. ఈలలు వేసి ఎర్రజెండా ఊపగానే పనివాళ్లు, మేకలు, స్కూటర్లు అన్నీ ఆగిపోవాలి. ఆ మోతకు మా వంటింట్లో గిన్నెలు కదిలేవి. నాకు గుండె దడ, మా ఆయనకు మాత్రం హత్య తట్టింది. తుపాకి పేల్చినా ఎవరూ తిరిగి చూడని వేళ ఇంకెక్కడ దొరుకుతుంది? "ఎర్రజెండా ఊపిన వేళ" అని వారపత్రికలో సీరియల్ మొదలుపెట్టారు.

కథకు మనుషుల కోసం కూడా దూరం వెళ్లలేదు. కింద ఒకే వాకిలి చుట్టూ రెండు వాటాలు. ఒకదాంట్లో నర్సింహ, ఆయన భార్య కనకలక్ష్మి, పదో తరగతి పరీక్షలు రాసిన కూతురు యశస్విని. రెండోదాంట్లో నర్సింహ అన్న వీరేశం, వదిన పార్వతమ్మ. నర్సింహ వాళ్లకు గేదెలున్నాయి, పాలమ్ముతారు. గుట్ట పక్కన అన్నదమ్ములిద్దరికీ కలిపి బండల భూమి ఉంది. నర్సింహ అమ్ముదామంటాడు, వీరేశం సంతకం పెట్టనంటాడు. వాళ్లు పోట్లాడుకుంటే వినడానికి ప్రత్యేకంగా చెవులు రిక్కించనక్కర్లేదు, మా వరండాలో కూర్చుంటే చాలు.

"అందరు అమ్ముకొని బాగువడ్డరు. నువ్వొక్కనివే గా బండలు పట్టుకొని కూసున్నవ్. సంతకం వెడ్తవా, పెట్టవా?"

"అయ్య మట్టిల పండుకున్న జాగరా అది! నేను సచ్చినంక అమ్ముకో."

"అయితే సావు, పీడ వోతది!"

అన్నదమ్ములన్నాక ఇలాంటి మాటలు వస్తాయి. సాయంత్రానికి ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని బీడీలు కాల్చుకునేవాళ్లు. మా ఆయన మాత్రం పొద్దుటి మాటలే రాసుకున్నారు. సీరియల్లో వాళ్ల పేర్లు మార్చారు, మీసాలు మార్చారు, గేదెల బదులు కోళ్లు పెట్టారు. బండలు మాత్రం అవే.

సీరియల్ ఊరందరికీ నచ్చింది. పుల్లయ్య సెలూన్‌లో గురువారం పత్రిక రాగానే పుల్లయ్య సగం గీసిన గడ్డాన్ని అలాగే వదిలేసి పైకి చదివేవాడట. "మా గుట్ట బుక్కుల వడ్డది భ్రమరాంబక్కా, సారు ఎంత మంచిగ రాసిండు!" అని కనకలక్ష్మి మురిసిపోయి, ఆ వారం మాకు పాలు ఒక గిద్దెడు ఎక్కువ పోసింది. కథలో పెద్దోడు, అంటే అన్న, మాయమైన వారం ఎడిటర్ విశ్వేశ్వరరావు గారు ఫోన్ చేసి, పత్రిక కోసం మళ్లీ జనం ఎగబడుతున్నారని చెప్పారు. ఆ రోజు మా ఆయన రెండుసార్లు స్నానం చేశారు, అంత ఆనందం.

ఏప్రిల్ ఆఖర్లో వీరేశం నిజంగానే కనపడకుండా పోయాడు.

ముందు రోజు అన్నదమ్ములు గట్టిగా పోట్లాడుకున్నారు. తెల్లారి వీరేశం చెంబు పట్టుకుని గుట్ట వైపు వెళ్లాడు, తిరిగి రాలేదు. చెంబు బండ మీద దొరికింది. చుట్టాల ఇళ్లన్నీ వెతికారు. నర్సింహే సైకిలేసుకుని కొండాపూర్, నార్సింగి అన్నీ తిరిగాడు. సాయంత్రం వచ్చి వాకిట్లో కూలబడి నీళ్లడిగితే పార్వతమ్మ ఇవ్వలేదు. లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆ తలుపు చప్పుడు విన్నప్పుడే నాకు మొదటిసారి భయం వేసింది.

"పార్వతమ్మ కూడా మీ సీరియల్ వింటోందండీ" అన్నాను మా ఆయనతో.

"అందరూ వింటున్నారు" అన్నారాయన. అందులో గర్వం లేదని చెప్పను.

వారం తిరక్కుండానే ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. నర్సింహ కనబడితే మాట్లాడేవాళ్లు ఆపేసేవారు. పాలకు వచ్చేవాళ్లు ఒక్కొక్కరే తగ్గారు. కనకలక్ష్మి పాలన్నీ తోడేసి, పెరుగు పులిసిపోతుంటే చూస్తూ కూర్చునేది. పత్రికలో మా ఆయన ఆ వారం కూడా తమ్ముడి మీదే అనుమానం పెంచారు. అర్ధరాత్రి కాళ్లు కడుక్కోవడం, చొక్కా తగలబెట్టడం, అన్నీ. అవి ఎప్పుడో రాసి పంపేసినవి. అచ్చులో ఒక్కొక్కటే వస్తుంటే నాకు మాత్రం కింద నర్సింహ కాళ్లు కడుక్కున్నా ఒళ్లు జలదరించేది. ఒకవేళ నిజమేనేమో? ఆ మనిషి ఇంట్లో మేముంటున్నాం. ఆయన పిండిన పాలతోనే కాఫీ పెడుతున్నాను. పాపం, ఆయనేమో ఎదురుపడితే ఎప్పటిలాగే తలవంచుకుని పక్కకు జరిగేవాడు.

పార్వతమ్మ ఫిర్యాదు మీద ఇన్స్పెక్టర్ వచ్చాడు. ఉదయ్ భాస్కర్ అని, కుర్రవాడే. కింద అందరినీ అడగాల్సినవి అడిగి, మేడమీదకి వచ్చి మా ఆయన ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"మీ శరభను చదివే నేను పోలీసునయ్యాను సార్" అన్నాడు.

మా ఆయన సంబరం చూడాలి. కూర్చోండి కూర్చోండి అని కుర్చీ తుడిచారు, నన్ను కాఫీ తెమ్మన్నారు. నేను కాఫీ తెచ్చేసరికి ఇన్స్పెక్టరు ముందుకు వంగి, గొంతు తగ్గించి అడుగుతున్నాడు.

"ఒక్క మాట సార్. సీరియల్లో తమ్ముడే కదా?"

మా ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు. ఆదివారం పొద్దున నేను బోల్తా పడినప్పుడు నా వైపు చూసి నవ్వే నవ్వే అది.

"చివరి వారం దాకా ఆగాలి ఇన్స్పెక్టర్ గారూ. ఇప్పుడే చెప్పేస్తే ఇంకేం రుచి?"

"మీరు చూడకుండా ఏదీ రాయరు సార్. అది నాకు తెలుసు" అన్నాడతను. కాఫీ తాగి, కప్పు జాగ్రత్తగా కింద పెట్టి, మా ఆయన కాళ్లకు దణ్ణం పెట్టి వెళ్లాడు.

"అదేంటండీ, తమ్ముడు కాదని చెప్పొచ్చు కదా" అన్నాను.

"వ్రతం చెడదూ? ఆయన అడిగింది కథ గురించే కదా."

"ఆయన కథ గురించి అడగలేదండీ."

ఆయన నా వైపు చూశారు. మళ్లీ పేపరు చేతిలోకి తీసుకున్నారు గానీ పేజీ తిప్పలేదు.

మర్నాడు పొద్దున్నే నర్సింహ పాలు పిండుతుండగా జీపు వచ్చింది. చేతులకు నురగ ఉండగానే ఎక్కించుకుపోయారు. కనకలక్ష్మి జీపు వెనక రోడ్డు దాకా పరిగెత్తింది. యశస్విని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏడవలేదు, తండ్రి వెనక వెళ్లలేదు. గేదె తన్నితే చెంబు దొర్లి పాలన్నీ వాకిట్లో పారాయి.

మా ఆయన చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకోకుండా ఠాణాకు పరిగెత్తారు. మధ్యాహ్నానికి తిరిగి వచ్చారు.

"చెప్పేశాను భ్రమరా. తమ్ముడు నిర్దోషి, చంపింది భూమి బ్రోకరు అని మొత్తం కథ చెప్పేశాను. ఇరవై అయిదేళ్లలో మొదటిసారి."

"ఏమన్నాడు?"

"నవ్వాడు. నిన్న చెప్పనివారు ఇవాళ చెబుతున్నారంటే, అద్దెకుంటున్న ఇంటి మీద అభిమానం కదా సార్, అన్నాడు."

ఆ సాయంత్రం పుల్లయ్య సెలూన్‌కు వెళ్లి అక్కడా చెప్పారు. వ్రతం సంగతి మర్చిపోయి, గడ్డానికి సబ్బు రాసుకున్నవాళ్ల ముందు నిలబడి ముగింపు మొత్తం చెప్పారు. తర్వాత ఆయనే నాకు చెప్పారు, పుల్లయ్య కత్తి పక్కన పెట్టి ఎంతో మర్యాదగా అన్నాడట: "సారూ, అసలు సంగతి దాచుడే గద నీ పని. ఇప్పుడు ఈడు కాదంటున్నవంటే ఈడేనన్నట్టు. మాకు తెల్వదా?"

ఇంతకంటే గండం ముందుంది. గురువారం రాబోయే సంచికలో శవం దొరుకుతుంది. పేల్చిన బండల గుట్ట కింద, మొహం ఛిద్రమైపోయి, ఒంటి మీది చొక్కాను బట్టి పెద్దోడేనని అందరూ అనుకుంటారు. అది అచ్చయిపోయింది. విశ్వేశ్వరరావు గారికి ఫోన్ చేస్తే కట్టలు అప్పుడే బస్సులు ఎక్కాయన్నారు. బుధవారమంతా మేమిద్దరం తిండి మానేసి ఎర్రజెండా ఈలలు వింటూ కూర్చున్నాం. ఈల మోగినప్పుడల్లా ఆయన కళ్లు మూసుకునేవారు.

అనుకున్నంతా అయింది. శుక్రవారం పోలీసులు ప్రొక్లెయినర్ తెప్పించి, కథలో రాసిన చోటే బండలు తవ్వించారు. ఊరు ఊరంతా గుట్ట మీదే ఉంది. పార్వతమ్మను ఇద్దరాడవాళ్లు పట్టుకుని నిలబెట్టారు. ఏవో ఎముకలు బయటపడేసరికి ఆమె పెట్టిన కేక మా మేడ దాకా వినిపించింది. అవి ఎప్పుడో చచ్చిన గేదెవి. అయినా సరే, ఇక్కడ కాకపోతే ఇంకో చోట పాతిపెట్టి ఉంటాడని జనం అనుకుంటూ ఇళ్లకు పోయారు. దొరకలేదని ఒక్కరూ సంతోషించలేదు. మనుషులు అలా ఎందుకుంటారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ సాయంత్రం కనకలక్ష్మి మేడమీదకి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకుని నేను అడ్డం నిలబడ్డాను. ఆమె నన్ను దాటుకుని వెళ్లి మా ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"సారూ, నువ్వు ఏం రాస్తే గదే అయితున్నది" అంది. "మా బావ పోతడని రాసినవ్, పోయిండు. మా ఆయన మీదికి వస్తదని రాసినవ్, వచ్చింది. ఇగ జర తిప్పి రాయి. బావ తిరిగొచ్చిండని రాయి."

"అమ్మా, అది కథ" అన్నారాయన.

"కథే. గా కథ సదివే గద తీస్కపోయిన్రు. నీ కాళ్లు మొక్కుత, తిప్పి రాయి."

"శవం దొరికిపోయిందమ్మా కథలో."

"ఆ శవం వేరేటోనిది అని రాయి సారూ. గంత కూడ రాదా నీకు?"

చచ్చినవాడు చావలేదని చెప్పడమంటే మా ఆయనకు అసహ్యం. ఎవరైనా అలా ముగిస్తే పుస్తకం విసిరికొట్టి, అది పాఠకుడి జేబు కొట్టడమే అనేవారు. ఆ రోజు కనకలక్ష్మి ఎదురుగా ఉండగానే కాగితాలు తీసుకున్నారు. ఒక్క కొట్టివేత లేకుండా రాసేశారు. శవం దారినపోయే బిచ్చగాడిది, చొక్కా దానం ఇచ్చింది. పెద్దోడు అలిగి ఊరొదిలి వెళ్లాడు, తిరిగి వచ్చాడు. వాకిట్లో తమ్ముణ్ణి కావలించుకున్నాడు. శరభ చెయ్యడానికి ఏ పనీ లేక రైలెక్కాడు. సమాప్తం. అది చదివి వినిపించి నన్ను ఏమీ అడగలేదు.

విశ్వేశ్వరరావు గారు ఫోన్‌లో అరిచిన అరుపులు నాకు వంటింట్లోకి వినిపించాయి. "ఇంకా ఎనిమిది వారాలు లాగాల్సిన కథ! జనం మీ మొహాన ఉమ్మేస్తారు రామబ్రహ్మం గారూ!"

"ఉమ్మనివ్వండి. వేస్తారా, వెయ్యరా?" అన్నారు మా ఆయన. అంత గట్టిగా ఆయన ఎవరితోనూ మాట్లాడగా నేను వినలేదు.

వేశారు. జనం నిజంగానే తిట్టారు. ఉత్తరాలు సంచుల్లో వచ్చాయి. ముసలాడికి మతి పోయిందన్నారు. ఆ పత్రిక మళ్లీ ఆయన్ని సీరియల్ అడగలేదు. పుల్లయ్య సెలూన్‌లో పడీ పడీ నవ్వారట. కనకలక్ష్మి మాత్రం ఆ సంచికను దేవుడి గూట్లో పెట్టి రోజూ కుంకుమ పెట్టేది.

శవం లేకపోతే కేసు నిలవదు కాబట్టి నర్సింహను వదిలేశారు. ఆటోలోంచి దిగి, గోడ పట్టుకుని లోపలికి నడిచాడు. అరికాళ్లు వాచిపోయి ఉన్నాయి. మా ఆయన వరండా చివరి దాకా వెళ్లి, కిందికి దిగలేక అక్కడే నిలబడిపోయారు. ఊళ్లో ఎవరూ పలకరించడానికి రాలేదు. పార్వతమ్మ ఆ పూట తన వాటా ముందు చీర అడ్డం కట్టించుకుంది, మరిది మొహం కనపడకుండా.

మృగశిర ఇంకా రాలేదు, జల్లు ఒకటి పడి ఆగింది. ఆ మధ్యాహ్నం వీరేశం వాకిట్లోకి నడిచి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, కొత్త లుంగీ. బొంబాయి పక్క భీవండిలో మగ్గాల కాడ చిన్ననాటి దోస్తు ఉన్నాడట, తమ్ముడు సావు అన్న మాటకు అలిగి అటే రైలెక్కాడట. "నేను లేకుంటే మీకు పీడ వోతదనుకున్న. గింత పరేషాన్ అయితరని నాకేం ఎరుక?" అని అందరి వైపూ వెర్రిగా చూశాడు. పార్వతమ్మ ఆయన ఛాతీ మీద రెండు చేతులతో కొడుతూనే ఉంది. కనకలక్ష్మి మేడమీదకి పరిగెత్తుకొచ్చి మా ఆయన కాళ్ల మీద పడింది.

"సారు రాసిండు, నువ్వు వచ్చినవ్!" అంది, వరండాలోంచి కింద ఉన్న బావతో.

"ఏం రాసిండు? నాకు సదువొస్తదా?" అన్నాడు వీరేశం.

ఇల్లంతా జనంతో నిండిపోయింది. పాలు తీసుకోవడం మానేసినవాళ్లే ముందు వరసలో నిలబడి, మేము ముందే అనుకున్నామంటున్నారు. పుల్లయ్య అందరికీ చాయ్ తెప్పించాడు. మా ఆయన ఇక ఆగలేక మెట్లు దిగారు. వెనకే నేనూ దిగాను. నర్సింహ ఆ గుంపుకు దూరంగా గేదెల కొట్టం అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"నర్సింహా" అన్నారు మా ఆయన, చేతులు జోడించి.

నర్సింహ పక్కకు జరిగి చోటిచ్చాడు. కోపం లేదు మొహంలో. ఉంటే బాగుండేది.

"సారూ, ఒక్క ముచ్చట చెప్పు. నీ కథల తమ్ముడు చంపలేదని నీకు ఎప్పటిసంది ఎరుక?"

"మొదటి వారం నుంచీ."

"పోలీసు సారు అడిగితే నవ్వినవంట గద. దెబ్బ దెబ్బకు గదే చెప్పిండు. మీ సారే నవ్విండు, ఇగ నువ్వెందుకు దాస్తవ్ అని."

మా ఆయన జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.

వాకిట్లో అందరూ వీరేశం చుట్టూ ఉన్నారు. యశస్విని ఒక్కతే ఈ వైపు, మా వెనక గుంజ పట్టుకుని నిలబడి ఉంది. వెక్కి వెక్కి ఏడుస్తోంది. కనకలక్ష్మి వచ్చి, పెదనాయిన వచ్చిండు, ఇప్పుడెందుకే ఏడుపు అని చెయ్యి పట్టి లాగినా కదల్లేదు.

"పెదనాయినను సూసి ఏడుస్తలేదు సారూ" అన్నాడు నర్సింహ, అటు తిరగకుండానే. "నన్ను సూసి ఏడుస్తున్నది. అది గూడ నమ్మింది."